సహాధ్యాయులు

విద్య నాలుగు పాళ్లుగా అబ్బుతుందని మన పూర్వుల మాట. ఒక పాలు ఆచార్యుని వలన, ఒక పాలు విద్యార్థి సొంత బుద్ధి వలన, ఒక పాలు తోటి విద్యార్థుల వలన లభిస్తే, మిగిలిన పాలు కాలం గడిచేకొద్దీ అనుభవంతో పండుతుందని వారు లెక్క కట్టారు. తోటి విద్యార్థిని వారు ‘సబ్రహ్మచారి’ అన్నారు. ఒకే గురువు వద్ద ఒకే నియమంతో చదువుకొనేవాడని దాని అర్థం. నేడు మనం ‘సహాధ్యాయి’ అంటున్నాం. ఆచార్యుని గూర్చి, ప్రతిభను గూర్చి మనం ఎంతో చెప్పుకొంటాం. ఆచార్యుల దినోత్సవం జరుపుకొంటాం. ప్రతిభకు పురస్కారాలు ఇస్తాం. ఈ మూడవ పాలును మాత్రం సాధారణంగా ఎవరూ తలచుకోరు. అది గాలి వంటిది. ఉన్నంతకాలం ఉన్నట్లే తెలియదు. అది లభించని విద్యార్థి ఏమవుతాడో తెలిపే ఒక వృత్తాంతమే ఈ పాఠం. ఇది జరిగినది మన దేశంలో కాదు, అమెరికా సంయుక్త రాష్ట్రాలలో. అయినా చదువుతున్నకొద్దీ ఇది మనకు పరాయి కథ కాదని మీకే తోచవచ్చు.

అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది. అయినా దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతి పిల్లలకు వేరు బడులు, వేరు కళాశాలలు దాదాపు మరో నూరేండ్లు కొనసాగాయి. ప్రభుత్వ పాఠశాలలలో ఈ వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని 1954లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. విశ్వవిద్యాలయాల తలుపులు తెరచుకొన్నాయి. తలుపులు తెరిస్తే చాలు, లోపలికి వచ్చినవారు తమంతట తామే పైకి వస్తారని ఆనాడు చాలామంది విశ్వసించారు. ఏండ్లు గడిచాయి. న్యాయవాదులు వచ్చారు, రాజకీయ నాయకులు వచ్చారు, గాయకులు, క్రీడాకారులు సరేసరి. ప్రయోగశాలల్లో, గణిత శాఖల్లో మాత్రం నల్లజాతివారు, లాటిన్ అమెరికా మూలాలు గలవారు, ఆ నేల ఆదివాసులు జనాభాలోని తమ వంతుకు ఎంతో తక్కువగానే కనిపించారు.

అక్కడి విద్యావేత్తలు వీరిని ‘తగిన ప్రాతినిధ్యం లేని అల్పసంఖ్యాక వర్గాలు’ అంటారు. పేరు కొంత పొడవే అయినా అందులోని విశేషణం ముఖ్యమైనది. ఆసియా మూలాలు గలవారు కూడా అక్కడ అల్పసంఖ్యాకులే. కాని విజ్ఞానశాస్త్ర రంగంలో వారికి ప్రాతినిధ్యం కొరవడలేదు. మన తెలుగునాట నుండి వెళ్లి అక్కడి ప్రయోగశాలల్లో, సాఫ్ట్‌వేర్ సంస్థలలో పనిచేస్తున్నవారు ఈ కోవకే చెందుతారు. కాబట్టి సంఖ్య తక్కువ కావడమే వెనుకబాటుకు కారణం కాదు. మరేమిటి కారణం?

ఈ ప్రశ్న 1970ల నడుమ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో యూరీ ట్రైస్‌మన్ అనే యువకునికి ఎదురయింది. అతడు అప్పటికి పరిశోధక విద్యార్థి. కలన గణితం తరగతులలో ఆచార్యులకు సహాయకులుగా ఉండే తోటి పరిశోధకులకు బోధనలో శిక్షణ ఇచ్చే పని అతనికి పడింది. మీ తరగతిలో బాగా రాణిస్తున్నవారెవరు, వెనుకబడుతున్నవారెవరు అని అతడు వారిని అడిగాడు. వచ్చిన జవాబులను పేర్చి చూస్తే రాణిస్తున్నవారి వైపు చైనా మూలాలు గల విద్యార్థులు, వెనుకబడినవారి వైపు నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా తేలారు. కలన గణితం మొదటి భాగం చదివిన నల్లజాతి విద్యార్థులలో సగానికి పైగా చిట్టచివరి రెండు శ్రేణులలోనే మిగిలిపోయేవారు. కలన గణితం దాటనివానికి భౌతికశాస్త్రం లేదు, ఇంజనీరింగు లేదు, రసాయనశాస్త్రంలో పై చదువు లేదు. ఎంపీసీ విద్యార్థులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. శాస్త్రవేత్త కావాలని వచ్చిన విద్యార్థి ఆ మొదటి కొద్ది నెలలలోనే దారి మార్చుకొనేవాడు.

ఎందుకిలా జరుగుతున్నదని ట్రైస్‌మన్ అధ్యాపకులను విచారించాడు. నాలుగు జవాబులు పదే పదే వినిపించాయి. వారికి చదువు మీద పట్టుదల లేదన్నారు కొందరు. ఉన్నత పాఠశాలలో పునాది బలంగా పడలేదన్నారు మరికొందరు. ఇంట్లో చదువును ప్రోత్సహించేవారు లేరన్నారు. పేదరికం అన్నారు. ఈ నాలుగు మాటలూ సానుభూతితో అన్నవే. మన కళాశాలల ఉపాధ్యాయుల గదిలో కూడా ఈ నాలుగు మాటలే వినబడతాయని ముప్పయి యేండ్ల అనుభవంతో నేను చెప్పగలను. సానుభూతితో అన్నమాట నిజమే అయి ఉంటుందని మనం సులభంగా నమ్ముతాం. ట్రైస్‌మన్ నమ్మక, పరీక్షించి చూశాడు. ఆ విద్యార్థులు తమ బడులలో మొదటి వరుసలో నిలిచినవారు. అన్ని అడ్డంకులు దాటి బర్క్‌లీ వరకు వచ్చినవారికి పట్టుదల లేదనడం ఎట్లా? ప్రవేశ పరీక్షలో మంచి మార్కులు వచ్చినవారు కూడా తప్పుతుంటే పునాదిని తప్పుపట్టడం ఎట్లా? ఇంటివారిని కలిస్తే, బిడ్డను పెద్ద చదువు చదివించాలని ఏనాడో నిశ్చయించుకొన్న తల్లిదండ్రులే ఎక్కువగా కనబడ్డారు. కుటుంబ ఆదాయానికీ కలన గణితపు మార్కులకూ అనుకొన్న పొంతన కుదరలేదు.

నాలుగు ఊహలూ వీగిపోయిన తరువాత అతడు చేసిన పని చాలా సామాన్యమైనది. ఇరవైమంది నల్లజాతి విద్యార్థులను, ఇరవైమంది చైనా మూలాలు గల విద్యార్థులను ఎంచుకొని, వారు ఎక్కడ చదువుతారో, ఎవరితో చదువుతారో, ఎట్లా చదువుతారో వెంట ఉండి చూశాడు. అప్పుడు తేడా కంటికి కనిపించింది. చైనా మూలాలవారు మొదట ఎవరి లెక్కలు వారు చేసుకొనేవారు. సాయంత్రం ఒకచోట చేరేవారు. కలిసి భోజనం చేసేవారు. ఒకరి లెక్కను మరొకరు సరిచూచేవారు. పాత ప్రశ్నపత్రాలు తెచ్చి ఒకరినొకరు ప్రశ్నించుకొనేవారు. ఒక లెక్క తనకు ఒక్కడికే రాలేదా, అందరికీ రాలేదా అన్నది వారిలో ప్రతివానికీ తెలిసేది. అందరికీ రాని లెక్క కష్టమైన లెక్క. దానిని చూచి ఎవరూ కుంగిపోనక్కరలేదు.

నల్లజాతి విద్యార్థులు కూడా చదవక ఊరకుండలేదు. తరగతిలో ఒక గంట వింటే బయట రెండు గంటలు చదవాలని ఆచార్యులు చెప్పిన లెక్క ప్రకారం అంతసేపూ చదివారు. అయితే ఒంటరిగా చదివారు. ఇరవైమందిలో పద్ధెనిమిదిమంది తరగతిలోని తోటివారితో ఎన్నడూ కలిసి చదవనేలేదు. మిగిలిన ఇద్దరి సంగతి ఏమిటంటే, వారిద్దరూ ఒకరితో ఒకరు కలిసి చదువుకొన్నారు! ఈ ఒంటరి చదువు వారు తెలియక చేసింది కాదు. వెనుకటి బడిలో వారిని నిలబెట్టింది ఆ అలవాటే. చుట్టూ ఉన్నవారు చదువును లెక్కచేయనప్పుడు, వారి నుండి విడిగా కూర్చొని చదవడం వలననే వారు ఇంతదూరం రాగలిగారు. కాలు కదిపించిన కర్రే తరువాత కాలికి అడ్డం పడింది. లెక్క రానప్పుడు ‘ఇది కష్టమైన లెక్క’ అనుకోవడానికి పక్కన ఎవరూ లేరు. ‘నేను దీనికి తగను’ అనుకొన్నారు. కొంతకాలం పంటిబిగువున కూర్చున్నారు. తరువాత దారి మార్చుకొన్నారు.

ఆదిపర్వంలోని ఏకలవ్యుని మీరెరుగుదురు. అడవిలో మట్టిబొమ్మను ప్రతిష్ఠించుకొని ఒంటరిగా విలువిద్య సాధించిన ఆ వీరుని మనం స్వయంకృషికి ఆదర్శంగా చూపుతాం. ప్రాచీన సాహిత్యం బోధించేవాడిగా నేను కూడా ఎన్నో మార్లు అట్లే చూపాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పొగడ్తలో ఒక లోపం కనిపిస్తున్నది. ద్రోణుని కొలువులో రాజకుమారులు వందమందికి పైగా కలిసి నేర్చుకొన్నారు. పోటీపడ్డారు, పొరపాట్లు దిద్దుకొన్నారు. ఏకలవ్యునికి గురువు లేకపోవడం కథలో అందరికీ కనిపిస్తుంది. అతనికి తోటివారు కూడా లేరు. లేమిని మనం గుణంగా మార్చి మెచ్చుకొన్నాం.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు. చాలా యేండ్ల క్రితం నేను పనిచేసిన ఒక కళాశాలలో అడవి ప్రాంతపు గూడెం నుండి వచ్చిన విద్యార్థి ఒకడు ఎంపీసీలో చేరాడు. ఆశ్రమ పాఠశాలలో మొదటివాడు. నా తరగతిలో అతడు వ్రాసే సందర్భసహిత వ్యాఖ్యలు పట్నం పిల్లలవాటికన్న ఎంతో మేలుగా ఉండేవి. వసతిగృహంలో చదువుకొనే వేళ నేను పర్యవేక్షణకు వెళ్లినప్పుడెల్లా అతడు వరండా చివర స్తంభానికి ఆనుకొని, ఒక్కడే, పుస్తకంలో తల దూర్చి కనబడేవాడు. “వాణ్ణి చూసి నేర్చుకోండి, ఎవరితోనూ మాట్లాడడు” అని మిగిలినవారిని మందలించేవాణ్ణి. యూనిట్ పరీక్షలు రెండింటిలో అతడు గణితం తప్పాడు. దసరా సెలవులకు ఇంటికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. పునాది లేదని మేమంతా అనుకొన్నాం. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చాడు, ఇంగ్లీషు పుస్తకాలు అందుకోలేకపోయాడని కూడా అనుకొన్నాం. అందులో కొంత నిజం ఉండవచ్చు. కాని ట్రైస్‌మన్ వ్యాసం చదివిననాడు నాకు జ్ఞాపకం వచ్చింది వరండా చివరి ఆ స్తంభం. అతనిలోని ఏ గుణాన్ని నేను పదిమందిలో మెచ్చుకొన్నానో, అతణ్ణి ముంచినది బహుశా అదే.

ట్రైస్‌మన్ రోగాన్ని గుర్తించి ఊరుకోలేదు. 1970ల చివర గణితపు సాయంత్రపు తరగతులు మొదలుపెట్టాడు. వాటి ప్రత్యేకత ఏమిటంటే అవి వెనుకబడినవారికి నడిపే తరగతులు కావు. అటువంటి తరగతికి రమ్మంటే ఆ విద్యార్థులు వచ్చేవారు కారు. తమ బడిలో ఇతరులకు చెప్పినవారే గాని చెప్పించుకొన్నవారు కారు వారు. అందుచేత దీనిని ప్రతిభావంతుల తరగతిగా ప్రకటించి, మామూలు తరగతిలో ఇచ్చే లెక్కలకన్న కఠినమైన లెక్కలు ఇచ్చారు. ఒక్కడు చేయలేనంత కఠినమైనవి. కలిసి కూర్చొనక తప్పదు. తాను ఎట్లా ఆలోచించాడో పక్కవానికి నోటితో చెప్పక తప్పదు. ఈ తరగతులకు వచ్చిన నల్లజాతి విద్యార్థుల మార్కులు రాని వారి మార్కులకన్న బాగా పెరిగాయి. చేయూత పేరుతో సులభమైన పని ఇవ్వడం కూడా ఒక విధమైన అవమానమేనని, కఠినమైన పని ఇచ్చి తోడు చూపించడం గౌరవమని ఈ ప్రయోగం తెలిపింది. నాకు ఈ వృత్తాంతమంతటిలో అన్నిటికన్న విలువైనదిగా తోచేది ఈ అంశమే.

బర్క్‌లీలో ఇది గణితానికి పరిమితం. నాలుగేండ్ల విజ్ఞానశాస్త్ర విద్యకు అంతటికీ ఇటువంటి తోడును సమకూర్చిన ఘనత దేశానికి మరొక కొసన ఉన్న మేరీలాండ్ రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయానికి దక్కింది. అది బాల్టిమోర్ కౌంటీలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయం. 1966లో ప్రారంభమయింది. ఆ కృషికి ప్రాణం పోసినవాడు ఫ్రీమన్ హ్రబౌస్కీ.

హ్రబౌస్కీ 1950లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో జన్మించాడు. వేర్పాటు అతి కఠినంగా అమలైన నగరాలలో అది ఒకటి. తల్లిదండ్రులు ఉపాధ్యాయ వృత్తిలో ఉండేవారు. బాలునికి గణితమంటే ప్రాణం. ఒకనాడు ప్రార్థనామందిరంలో వెనుక వరుసలో కూర్చొని బీజగణితం లెక్కలు చేసుకొంటుండగా ముందు నిలిచి ప్రసంగిస్తున్న వ్యక్తి మాటలు అతని చెవిన పడ్డాయి. పిల్లలు శాంతియుతంగా ఊరేగితే మంచి బడుల కోసం వారి పట్టుదల దేశానికి తెలుస్తుందని ఆ వక్త అంటున్నాడు. తలెత్తి అడిగితే ఆయన మార్టిన్ లూథర్ కింగ్ అని తెలిసింది. 1963 మేలో జరిగిన ఆ పిల్లల ఊరేగింపులో పన్నెండేండ్ల హ్రబౌస్కీ నడిచాడు. నగర భద్రతాధికారి బుల్ కానర్ అతని ముఖం మీద ఉమ్మివేశాడు. అయిదు రోజులు నిర్బంధంలో ఉండవలసి వచ్చింది. లెక్కలు చేసుకొనే పిల్లవాడు చెరసాలకు వెళ్లినది మంచి బడి కోసం. ఆ తరువాత పందొమ్మిదవ యేట గణితంలో పట్టభద్రుడై, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఇరవైనాలుగవ యేట డాక్టరేటు పొందాడు. అక్కడి గణితపు తరగతులలో తరచుగా తానొక్కడే నల్లజాతి విద్యార్థి. ఆ ఒంటరితనం ఆయనకు పుస్తకంలో చదివి తెలిసినది కాదు.

1987లో హ్రబౌస్కీ బాల్టిమోర్ కౌంటీకి వచ్చాడు. బాల్టిమోర్‌కు చెందిన రాబర్ట్ మేయర్‌హాఫ్ అనే ధనిక వ్యాపారి ఆ రోజులలోనే ఒక ఆలోచనతో ఉన్నాడు. టెలివిజన్‌లో నల్లజాతి యువకుడు నేరస్థుడుగానో క్రీడాకారుడుగానో తప్ప కనిపించడం లేదని ఆయన బాధ. ఆయన శ్వేతజాతీయుడు. ఇద్దరూ కలిశారు. 1988లో మేయర్‌హాఫ్ దంపతుల విరాళంతో వారి పేరనే ఉపకార వేతన పథకం ఏర్పడింది. 1989లో 19 మంది నల్లజాతి యువకులతో మొదటి బృందం ప్రవేశించింది. మరుసటి సంవత్సరం యువతులకు కూడా చోటు కల్పించారు.

ఉపకార వేతనాలు అంతకు ముందు కూడా ఉన్నాయి. ఇందులోని కొత్తదనం డబ్బులో లేదు. కళాశాల తెరవకముందే వేసవిలో ఆరు వారాలు విద్యార్థులందరూ ఒకేచోట నివసించాలి. ఒకే వేళకు లేవాలి, ఒకే వేళకు భోజనం చేయాలి. గణితం, రసాయనశాస్త్రం కలిసి చదవాలి. మొదటి సంవత్సరం వసతి కూడా ఒకేచోట. జట్టుగా చదవడం ఇష్టమైతే చేసే పని కాదు, అక్కడ అది నియమం. ఎవడైనా వెనుకబడితే వాని సంగతి మొదట తెలిసేది తోటివానికి. తెలిసి ఊరుకోవడం తప్పుగా ఎంచేవారు. తల్లిదండ్రులకు ఒక సంఘం ఉండేది. ఇంట్లో ఎవరూ చూడని చదువు బిడ్డ చదువుతున్నప్పుడు ఆ ఇంటివారికి కూడా తోటివారు కావాలి కదా! మొదటి సంవత్సరపు పాఠంలో ‘సి’ శ్రేణి వస్తే, అది ఉత్తీర్ణతే అయినా, మళ్లీ అదే పాఠం చదవమని ప్రోత్సహించేవారు. గట్టెక్కడం చాలదు, మీద కట్టబోయే గోడకు తగిన పునాది కావాలని వారి ఆలోచన. లక్ష్యాన్ని కూడా మొదటినాడే చెప్పేవారు: పట్టా పుచ్చుకొని ఉద్యోగానికి పోవడం కాదు, పరిశోధన చేసి డాక్టరేటు పొందడం.

అమెరికా కళాశాలలలో కొందరు ఆచార్యులు మొదటిరోజున, మీ కుడిపక్కవానిని, ఎడమపక్కవానిని చూడండి, మీ ముగ్గురిలో ఒకడు చివరివరకు మిగలడు అని చెప్పడం ఒక ఆచారంగా ఉండేది. హ్రబౌస్కీ ఆ ఆచారాన్ని తిరగవేశాడు. పక్కవానిని చూడండి, అతడు పట్టభద్రుడు కావడం మా బాధ్యత, మీ బాధ్యత కూడా అని ఆయన చెప్పేవాడు. ప్రయోగశాలల తలుపులు కూడా ముందుగానే తెరిచారు. ఎయిడ్స్ వైరస్ నిర్మాణం మీద పరిశోధించే మైకేల్ సమ్మర్స్ అనే రసాయనశాస్త్రాచార్యుడు డిగ్రీ విద్యార్థులకు తన ప్రయోగశాలలో చోటిచ్చి, గాజుసామాను కడగడానికి కాక అసలు పరిశోధనలో నియోగించాడు.

దీని వలన ఫలితం కలిగిందా? ఈ పథకంలోకి ఎంపికై కూడా మరొక విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థులు ప్రతి సంవత్సరం కొందరుండేవారు. వారి ప్రతిభ వీరి ప్రతిభకు తీసిపోయేది కాదు. కాబట్టి ఇద్దరినీ పోల్చి చూడడం న్యాయమైన పద్ధతి. అట్లా పోల్చగా, ఇక్కడ చదివినవారు విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు దిశగా వెళ్లడం సుమారు అయిదు రెట్లు ఎక్కువగా కనిపించింది. ప్రతిభ రెండుచోట్లా ఉన్నది. తేడా చేసినది ప్రతిభ చుట్టూ ఉన్నది.

ఈ పథకంలో చదివిన వేయిమందికి పైగా పట్టభద్రులలో ఒకరి పేరు ఇప్పుడు ప్రపంచమంతా ఎరుగును. ఆమె కిజ్‌మీకియా కార్బెట్. ఉత్తర కరోలినా రాష్ట్రంలోని పల్లెప్రాంతంలో 1986లో జన్మించింది. బడిలో ఉండగానే వేసవి సెలవులలో విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో పనిచేసే అవకాశం దొరికింది. 2008లో బాల్టిమోర్ కౌంటీలో జీవశాస్త్రం, సమాజశాస్త్రం రెండింటిలో పట్టా పొందింది. ఆ తరువాత ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయంలో ఆమె పరిశోధించినది మనకు ప్రతి వానాకాలం పరిచయమైన డెంగీ జ్వరాన్ని గూర్చి. 2014లో డాక్టరేటు పొంది, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలోని టీకా పరిశోధన కేంద్రంలో చేరి, కరోనా జాతి వైరస్‌ల మీద పనిచేసింది. అప్పటికి అది పెద్దగా ఎవరి దృష్టిలోనూ లేని విషయం. 2020 జనవరిలో కొత్త కరోనా వైరస్ జన్యుక్రమం బయటికి రాగానే ఆ కేంద్రం, మోడెర్నా సంస్థ కలిసి టీకా రూపొందించాయి. మార్చి 16న మొదటి మనిషికి ప్రయోగాత్మకంగా ఆ టీకా వేశారు. రెండు నెలలకు కొద్ది రోజులు ఎక్కువ. ఆ కృషిలో కార్బెట్ ముఖ్యులలో ఒకరు. ఆ తరువాత తన జాతివారిలో టీకా పట్ల ఉన్న అనుమానాలను తీర్చడానికి ప్రార్థనామందిరాల వారితో, సామాన్య జనంతో ఆమె ఓపికగా మాట్లాడింది. ఆ అనుమానాలు ఊరక పుట్టినవి కావు. అలబామాలోని టస్కీగీలో 1932 నుండి 1972 వరకు ప్రభుత్వ వైద్యులు నల్లజాతి రోగులకు సవాయి వ్యాధి ఉన్నట్లు చెప్పక, మందు ఉండి కూడా ఇవ్వక, వ్యాధి ఎట్లా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. ఆ చరిత్ర ఎరిగిన జనానికి తమలో ఒకరు వచ్చి చెప్పిన మాటకు ఉన్న బలం వేరు. విజ్ఞానశాస్త్రంలోకి అన్ని వర్గాలవారూ రావడం ఆ వర్గాలకు చేసే ఉపకారం మాత్రమే కాదని ఇటువంటి సమయంలో బోధపడుతుంది.

ఈ పథకానికి పరిమితులు లేకపోలేదు. ఎంపికయ్యేవారు అప్పటికే బడిలో ముందున్నవారు. నాసిరకం బడిలో చదివి ఎంపిక వరకు రాలేనివారి సంగతి ఇది తీర్చదు. ఖర్చు ఎక్కువ, అంతకంటే కష్టమైనది, అధ్యాపకులు తమ సాయంత్రాలు వెచ్చించాలి. అయితే ఒక మంచి పరిణామం కలిగింది. కొద్దిమందికి చేసిన ఏర్పాటు చూచి ఆ విశ్వవిద్యాలయం 2005 నుండి మొదటి సంవత్సరపు రసాయనశాస్త్రం విద్యార్థులందరినీ చిన్న జట్లుగా చేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క బాధ్యత అప్పగించి చదివించసాగింది. అన్ని జాతుల విద్యార్థులలోనూ ఉత్తీర్ణత పెరిగింది.

పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయం, ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయం 2013లో ఇదే నమూనాను స్వీకరించాయి. 2019లో ఒక దాతృ సంస్థ సహాయంతో కాలిఫోర్నియాలోని రెండు ప్రాంగణాలు ఆ బాట పట్టాయి. వాటిలో ఒకటి బర్క్‌లీ. నలభై యేండ్ల క్రితం ట్రైస్‌మన్ విద్యార్థుల వెంట తిరిగి చూచిన చోటికే ఆ ఆలోచన దేశం చుట్టి తిరిగి వచ్చింది. హ్రబౌస్కీ 1992 నుండి 2022 వరకు ముప్పయి యేండ్లు తన విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడుగా ఉండి పదవీ విరమణ చేశాడు.

ఇటువంటి పథకాలు ఒక జాతివారికే పరిమితం కావచ్చునా అన్న వివాదం ఆది నుండి ఉన్నది. మేరీలాండ్‌లోనే మరొక ప్రాంగణపు ఉపకార వేతనం మీద 1994లో వచ్చిన కోర్టు తీర్పు తరువాత, 1996 నుండి మేయర్‌హాఫ్ పథకంలో అన్ని జాతులవారిని చేర్చుకొంటున్నారు. కలిసి చదివే నియమం మారలేదు. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు విశ్వవిద్యాలయ ప్రవేశాలలో జాతిని ప్రాతిపదికగా తీసుకోరాదని తీర్పు ఇచ్చింది. 2025లో సమాఖ్య ప్రభుత్వం అల్పసంఖ్యాక వర్గాల శాస్త్ర విద్యకు ఇచ్చే నిధులను అనేకం నిలిపివేసింది. వివాదం ఇంకా ముగియలేదు.

ప్రశ్నలు

1. కలన గణితంలో నల్లజాతి విద్యార్థుల వెనుకబాటుకు అధ్యాపకులు ఊహించిన కారణాలు ఏవి? ట్రైస్‌మన్ వాటిని ఎట్లా పరీక్షించాడు?

2. మేయర్‌హాఫ్ పథకంలో ఉపకార వేతనం కన్న ముఖ్యమైన ఏర్పాట్లు ఏవో వివరించండి.

3. “లేమిని మనం గుణంగా మార్చి మెచ్చుకొన్నాం.” ఈ వాక్యానికి సందర్భం తెలిపి వ్యాఖ్యానించండి. రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవించనట్లయితే కారణాలు వ్రాయండి.

4. సహాధ్యాయి, స్వయంకృషి, చెరసాల: ఈ పదాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.

5. మీ తరగతిలో గాని, వసతిగృహంలో గాని ఎప్పుడూ ఒంటరిగా చదువుకొనే విద్యార్థి ఉంటే, ఈ వారం అతనితో గాని, ఆమెతో గాని కలిసి ఒక కఠినమైన లెక్కను చేయండి. ఎవరు ఎవరికి ఏమి చెప్పారో పది వాక్యాలలో వ్రాయండి. పేరు వ్రాయనక్కరలేదు.